ఆకాశమును కొలిచిన కెప్లరు

ధ్యాన భాగము: 8వ కీర్తన, యెహోషువ 10వ అధ్యాయము



నూర్పుల కాలమున కళ్లములో కావలి పండుకొని ఆకాశమువైపు చూచినవారికి 8వ కీర్తనలోని ప్రశ్న క్రొత్తది కాదు. పైన లెక్కలేనన్ని చుక్కలు, క్రింద గోనెపట్టామీద ఒక మనిషి. దేవుడు ఇంత అల్పుని ఎందుకు జ్ఞాపకము చేసికొనుచున్నాడని దావీదు ఆశ్చర్యపడెను. విశ్వము ఎదుట మనిషి మిక్కిలి చిన్నవాడను సంగతి శాస్త్రజ్ఞులు వచ్చి చెప్పకముందే మన గ్రంథములో ఉన్నది. ఈ మాట మొదట మనస్సున ఉంచుకొనుడి.

ఏలయనగా పట్టణములో చదువుకొని వచ్చిన మన పిల్లలు మరియొక కథ చెప్పుచున్నారు. పూర్వము క్రైస్తవులందరు భూమి పళ్లెమువలె బల్లపరుపుగా ఉన్నదనుకొనిరట. మనిషి విశ్వము నడుమ సింహాసనముమీద కూర్చున్నాడని గర్వించిరట. ఖగోళ శాస్త్రజ్ఞులు వచ్చి ఆ సింహాసనమునుండి అతనిని క్రిందికి దించిరట. అందుకు సంఘము కోపించి వారిని హింసించెనట. మా సంఘములోని ఒక యౌవనుడు ఆరాధన ముగిసిన తరువాత నన్ను ఆపి, అయ్యగారూ, ఇది నిజమేనా అని అడిగెను. ఆ దినమున నేను సరియైన జవాబు ఇయ్యలేకపోతిని. తరువాత చదివి తెలిసికొన్నదానిని ఒక విశ్వాసి జీవితము ద్వారా ఇక్కడ చెప్పుచున్నాను. ఆ కథలో మనకు అనుకూలమైన సంగతులు కలవు, సిగ్గు కలిగించు సంగతులును కలవు. రెండింటిని చెప్పెదను.

యోహానెస్ కెప్లర్ 1571వ సంవత్సరము డిసెంబరు 27న జర్మనీ దేశపు నైరుతి భాగమున వైల్ అను చిన్న పట్టణములో పుట్టెను. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ. తండ్రి జీతమునకు యుద్ధము చేయు సిపాయి. ఇంటిపట్టున ఉన్నది తక్కువ; చివరకు ఇల్లు విడిచి వెళ్లి మరల రానేలేదు. తల్లి కతరీనా పూటకూటి ఇంటివారి బిడ్డ. ఆకులు వేళ్లు నూరి నలుగురికి మందులిచ్చుట ఆమెకు అలవాటు. ఈ సంగతి మరచిపోకుడి, ముందుకు దానితో పని యున్నది. చిన్నతనమున మశూచి సోకి కెప్లరు చూపు మందగించెను, చేతులు దెబ్బతినెను. ఆకాశమును గూర్చి లోకమునకు పాఠము చెప్పనైయున్నవాని కన్నులు జీవితమంతయు బలహీనముగానే ఉండెను.

1577లో ఆకాశమున గొప్ప తోకచుక్క కనబడెను. ఆరేండ్లు నిండని కుమారుని చేయి పట్టుకొని తల్లి ఒక ఎత్తైన చోటికి తీసికొనిపోయి దానిని చూపెను. అదే తోకచుక్కను డెన్మార్కులో టైకో బ్రాహి అను కులీనుడు తన పరికరములతో కొలుచుచుండెను. వీరిద్దరి త్రోవలు కలియుటకు ఇంకను ఇరువదిమూడు సంవత్సరములు పట్టెను.

వుర్టెంబర్గు సీమ లూథరు సంస్కరణను అంగీకరించిన సీమ. అక్కడి పాలకులు బీద పిల్లలలో తెలివిగలవారిని ఏరి, పాదిరులుగా తయారు చేయుటకు ఉచితముగా చదివించుచుండిరి. కెప్లరు ఆ బడులలోనే పెరిగి 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. అతని కోరిక ఒక్కటే, సువార్త పరిచారకుడగుట. అయితే అక్కడ మేస్ట్లిన్ అను గురువు గణితము చెప్పుచు, కోపర్నికస్ అభిప్రాయమును శిష్యులకు వివరించుచుండెను. సూర్యుడు నడుమ నుండగా భూమియు తక్కిన గ్రహములును దాని చుట్టు తిరుగుచున్నవని ఆ అభిప్రాయము. కెప్లరు హృదయము దానికి అతుకుకొనిపోయెను.

ఇక్కడ కథ కొంత ఆపి, అంతకుముందు ప్రజలు నిజముగా ఏమి నమ్మిరో చూడవలెను. భూమి బల్లపరుపను మాట ముందు తీసికొందము. 8వ శతాబ్దమున ఇంగ్లండులోని బీడ్ అను సన్యాసి భూమి బంతివలె గుండ్రనిదని వ్రాసెను. 13వ శతాబ్దమున సాక్రొబోస్కో అనునతడు వ్రాసిన చిన్న పుస్తకము, గుండ్రని భూమిని గూర్చినదే, మూడు నాలుగు వందల సంవత్సరములు ఐరోపా విద్యాలయములలో పాఠముగా ఉండెను. కొలంబసుతో పండితులు వాదించినది భూమి రూపమును గూర్చి కాదు, దాని చుట్టుకొలతను గూర్చి. అతనికి బల్లపరుపు భూమి మనుష్యులు అడ్డుపడిరను కథకు ఎక్కువ ప్రచారము తెచ్చినది 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ అను అమెరికా రచయిత వ్రాసిన పుస్తకము.

సింహాసనపు మాట దీనికంటె వింతయైనది. భూమి విశ్వము నడుమ నున్నదని పూర్వులు నమ్మిన మాట నిజమే. కాని నడుమ అనగా వారి దృష్టిలో గౌరవస్థానము కాదు. బరువైనదంతయు నడిమికి దిగునని గ్రీకు పండితుడైన అరిస్టాటిలు చెప్పెను. నూతిలో మట్టి అడుగునకు చేరినట్లు, బరువుగలది, మారునది, కుళ్లునది అంతయు అడుగున పేరుకొన్న చోటు భూమి. పైనున్న ఆకాశమే నిర్మలమైనది, చెడనిది. 14వ శతాబ్దపు ఇటలీ కవి డాంటే తన కావ్యములో విశ్వము నట్టనడుమ ఎవరిని ఉంచెనో తెలియునా? సాతానును. అది రాజు కూర్చుండు చోటని తలంచిన కవి అట్లు చేయునా? పూర్వులు విశ్వమును చిన్నదిగా ఎంచిరనుటయు పొరపాటే. రెండవ శతాబ్దపు టోలమీ తన ఖగోళ గ్రంథములో, ఆకాశము ఎదుట భూమి ఒక చుక్కవంటిదని ముందే చెప్పి, ఆ తరువాతనే తన లెక్కలు మొదలుపెట్టెను.

కాబట్టి కోపర్నికస్ భూమిని కదలించినప్పుడు అది దిగలేదు. అప్పటివారి లెక్క చొప్పున ఎక్కినది. ఆకాశమున తిరుగు గ్రహములలో తానును ఒకటి ఆయెను. 1610లో గెలీలియో కూడ, భూమి విశ్వములోని మురికియంతయు చేరు గుంట కాదని, వెలుగు ప్రసరింపజేయు గ్రహమేనని సంతోషముతో వ్రాసెను. 1640లో విల్కిన్స్ అను ఇంగ్లండు బోధకుడు తన ఎదుటివారి ఆక్షేపణలు వరుసగా వ్రాయుచు, భూమి నీచమైన పదార్థము గనుక అది నడుమనున్న హీనస్థానమునకే తగునని కొందరు వాదించుటను పేర్కొనెను. మనిషిని సింహాసనమునుండి దించిరను మాట ఫ్రాన్సు దేశమున 1686లో ఫొంతెనెల్ వ్రాసిన పుస్తకము మొదలైన వాటివలన వ్యాపించి, 1917లో ఫ్రాయిడ్ అను మనశ్శాస్త్ర పండితుని వ్రాతలవలన మరింత బలపడినది.

కోపర్నికసును ఎవరును కాల్చలేదు. అతడు పోలండులో ఒక సంఘోద్యోగి. 1543లో తన మంచముమీదనే మృతినొందెను. అతని పుస్తకమును అచ్చునకు ఇమ్మని బ్రతిమాలినవాడు విట్టెన్‌బర్గునుండి వెళ్లిన రెటికస్ అను లూథరన్ యువకుడు. అది అచ్చయిన నురెంబర్గు లూథరన్ పట్టణము. లూథరు ఒకసారి భోజనపు బల్లయొద్ద ఈ సిద్ధాంతమును పరిహసించినట్లు అతని శిష్యులు వ్రాసియుంచిరి. అది పుస్తకము వెలువడకముందు మాట. కాల్విను కోపర్నికసును పేరుపెట్టి ఖండించెనని ప్రచారములో నున్న వాక్యము అతని గ్రంథములలో ఎక్కడను కానరాదు. అయితే భూమి తిరుగుచున్నదనువారిని ఒక ప్రసంగములో అతడు గద్దించిన మాట వాస్తవమే. రోమను సంఘము ఆ పుస్తకమును ఆపినది 1616లో. గెలీలియోకు 1633లో శిక్ష విధించి, 1642లో చనిపోవువరకు ఇంటి నిర్బంధములో ఉంచిన మాట కాదనరాదు. 1600లో రోములో బ్రూనోను కాల్చిరి. అతనిమీద మోపిన నేరములలో త్రిత్వమును క్రీస్తు దైవత్వమును కాదనుట ముఖ్యమైనవి, అనేక లోకములున్నవను మాటయు వాటిలో చేరెను. ఏ కారణముననైనను క్రీస్తు పేరట మనిషిని కాల్చుట ఘోరపాపము. దానికి సమాధానము వెదకవలసిన పని మనకు లేదు.

ఇక కెప్లరు కథకు వత్తము. 1594లో, వేదాంత విద్య ముగియకముందే, పెద్దలు అతనిని ఆస్ట్రియా దేశమందలి గ్రాజ్ పట్టణపు ప్రొటెస్టెంటు బడికి గణితోపాధ్యాయునిగా పంపిరి. అతడు దుఃఖముతో వెళ్లెను. పాదిరి పని తప్పిపోయినదనుకొనెను. కాని 1596లో తన మొదటి గ్రంథమును వ్రాయునాటికి, నక్షత్రశాస్త్రమును దేవుని సేవయే, సృష్టి దేవుడు వ్రాసిన మరియొక గ్రంథము, తాను దాని యెదుట నిలిచిన యాజకుడు అను నిశ్చయము అతనికి కలిగెను. భూమి తిరుగుట లేఖనమునకు విరోధము కాదని చూపు అధ్యాయమొకటి ఆ గ్రంథములో చేర్చదలచగా ట్యూబింగెన్ పెద్దలు వద్దనిరి. అతడు లోబడెను.

గ్రాజ్‌లో రోమను మతస్థుడైన ప్రభువు ప్రొటెస్టెంటు బోధకులను 1598లో వెళ్లగొట్టెను. మరుసటి యేట కెప్లరు పసికూతురు చనిపోగా, రోమను ఆచారము ప్రకారము పాతిపెట్టనందుకు అతనికి జరిమానా వేసిరి. 1600లో ఆజ్ఞ మరింత కఠినమాయెను: మతము మార్చుకొనుము, లేదా దేశము విడువుము. కెప్లరు భార్యాబిడ్డలతో సామానులు బండ్లకెత్తి ప్రేగు పట్టణమునకు వెళ్లెను. తోకచుక్కను కొలిచిన టైకో బ్రాహి అప్పుడు అక్కడనే చక్రవర్తి రుడాల్ఫు కొలువులో ఉండెను.

టైకో 1601 అక్టోబరులో మరణించెను. అతని యుద్యోగమును, ఇరువది యేండ్లకు పైబడిన కొలతలును కెప్లరు చేతికి వచ్చెను. వాటికొరకు కెప్లరే విషము పెట్టెనని 2004లో వెలువడిన ఒక పుస్తకము నేరము మోపెను. 2010లో సమాధి తెరచి పరీక్షించిరి. ప్రాణము తీయునంత పాదరసము లేదని 2012లో తేలినది. చచ్చినవారిమీద నింద వేయుట సులభము, దానిని తుడుచుటకు ఎనిమిదేండ్లు పట్టినది.

అంగారక గ్రహపు మార్గమును కనుగొనుట కెప్లరుకు అప్పగింపబడిన పని. గ్రహములు వృత్తములలోనే తిరుగునని రెండువేల సంవత్సరములుగా అందరును నమ్మిరి, కోపర్నికసును నమ్మెను. కెప్లరు కనీసము డెబ్బదిమారులు లెక్క చేసి, వృత్తమును సరిపెట్టెను. రెండు చోట్ల మాత్రము ఆకాశములో పూర్ణచంద్రుని వెడల్పులో నాలుగవ వంతు, అనగా 8 కళలు, తేడా వచ్చెను. మరియొకడైతే కొలతలో పొరపాటుండవచ్చునని విడిచిపెట్టియుండును. టైకో అంత పొరపాటు చేయువాడు కాడని కెప్లరుకు తెలియును. దేవుడు అంత నమ్మకమైన కొలతగానిని ఇచ్చినప్పుడు ఆ కొలతను త్రోసివేయుట కృతఘ్నతయని తలంచి, తాను కట్టిన లెక్కనంతటిని తానే పడగొట్టెను. కోడిగ్రుడ్డు రూపమును ప్రయత్నించి అదియు విడిచెను. ఒక గుంజకు కట్టిన పశువు త్రాడు బిగియగా తిరిగినయెడల వృత్తము ఏర్పడును. రెండు గుంజలు పాతి, వాటి చుట్టు వదులుగా ఒక త్రాటి ఉచ్చు వేసి, దానిని పుల్లతో బిగలాగుచు గీత గీసినయెడల కొంచెము సాగిన గుండ్రము వచ్చును. అదే గ్రహమార్గము. సూర్యుడు ఆ రెండు గుంజలలో ఒకదాని చోట నుండును. 1609లో ఇది అచ్చాయెను.

ఆ గ్రంథపు ముందుమాటలో, పదుమూడేండ్ల క్రిందట పెద్దలు వద్దన్న సంగతిని కెప్లరు తుదకు వ్రాసెను. పరిశుద్ధ గ్రంథము మనుష్యులతో మనుష్యుల వాడుకలోనే మాటలాడునని అతని వాదము. మనమును ప్రొద్దు పొడిచెను, ప్రొద్దు గ్రుంకెను అనుచున్నాము. ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడ ఇంటిలో అట్లే అనును. యెహోషువ కోరినది పగలు పొడుగగుట. ఏది ఆగవలెనో దేవునికి పాఠము చెప్పుట అతని ఉద్దేశము కాదు, అతని కోరిక దేవునికి తెలిసెను. 104వ కీర్తన సృష్టి ఆరు దినముల వరుసలో దేవుని స్తుతించునది గాని ఖగోళ పాఠము కాదు. నా వేదాంత పాఠశాల దినములలో ఈ భాగమును ఎవరైనను మాకు చదివి వినిపించియుండిన యెడల, ఆ యౌవనుని ఎదుట నోరు తెరచుకొని నిలువబడియుండను.

1610లో గెలీలియో దూరదర్శినితో క్రొత్త నక్షత్రములను, గురుగ్రహము చుట్టు తిరుగు నాలుగు చంద్రులను చూచెను. అప్పుడు కెప్లరు మనిషి స్థానమును గూర్చి ఒక మాట వ్రాసెను. భూమి నడుమ లేదు గనుక మనిషి హీనుడాయెనా? కాలేదని అతడనెను. మనిషి ఆకాశమును ధ్యానించుటకు కలుగజేయబడినవాడు. నడుమ కదలక కూర్చున్నవాడు దూరములను కొలువలేడు. పొలము కొలుచువాడు ఒక గట్టునుండి మరియొక గట్టునకు నడచునట్లు, మనిషి భూమి అను ఓడనెక్కి సూర్యుని చుట్టు తిరిగి వేరువేరు చోట్లనుండి చూడవలెను. మరియు భూమి గ్రహముల నడిమి వరుసలో నున్నది. బయట అంగారకుడు, గురుడు, శని. లోపల శుక్రుడు, బుధుడు. ధ్యానించువానికి ఇంతకంటె మంచి చోటు దొరకదని అతని సంతోషము.

ఇందులో కొంత పొరపాటున్నది, దాచకూడదు. శనికి అవతల కూడ గ్రహములున్నవని తరువాత తెలిసినది. నక్షత్రములన్నియు సూర్యుని చుట్టు ఒక పలుచని గోడవలె ఉన్నవని, సూర్యునికి సమానమైనది లేదని కెప్లరు తలంచెను. అంతులేని విశ్వమను తలంపే అతనికి భయము పుట్టించెను. నేడు చూడగా సూర్యుడు మన పాలపుంతలోని పదివేల కోట్లకు పైబడిన నక్షత్రములలో ఒకటి మాత్రమే. అయినను భూమి తిరుగుచుండుటచేత నక్షత్రముల దూరము కొలువవచ్చునన్న తలంపు నిలిచినది. 1838లో బెస్సెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు భూమి ఆరు నెలలలో చేరు రెండు చోట్లనుండి చూచియే ఒక నక్షత్రపు దూరమును లెక్కకట్టెను.

1611 అతనికి కన్నీటి సంవత్సరము. ఆరేండ్ల కుమారుడు ఫ్రీడ్రిక్ మశూచితో చనిపోయెను. భార్య బార్బరా జబ్బుపడి మరణించెను. చక్రవర్తి సింహాసనము పోయెను. 1612లో కెప్లరు లింజ్ పట్టణమునకు వెళ్లి, అక్కడి లూథరన్ సంఘపు పాదిరి హిట్జ్‌లర్ యొద్దకు పోయి ప్రభువు సంస్కారములో పాలుపొందుటకు అనుమతి అడిగెను. పాదిరి ఇయ్యలేదు.

కారణము ఖగోళ శాస్త్రమా? కానేకాదు. భూమి తిరుగునో లేదో హిట్జ్‌లర్ అడుగలేదు. లూథరన్ పెద్దలు 1577లో ఒక ఒడంబడిక పత్రము సిద్ధపరచిరి. క్రీస్తు శరీరము అంతట ఉండగలదను సిద్ధాంతము అందులో నున్నది. కెప్లరు ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణమును హృదయపూర్వకముగా ఒప్పుకొనెను. ఆ యొక్క సంగతి మాత్రము తన మనస్సాక్షికి సరిపడలేదనెను. సంస్కారమును గూర్చి వేరు అభిప్రాయము గల కాల్విను అనుచరులను శపించుటకును ఒప్పుకొనలేదు. మినహాయింపు లేకుండ సంతకము చేయుమని పాదిరి, చేయలేనని కెప్లరు. తన మాతృసంఘపు పెద్దలకు స్టుట్‌గార్టుకు విన్నపము వ్రాసికొనెను. వారు పాదిరి పక్షమునే నిలిచిరి. ట్యూబింగెన్‌లోని తన పాత గురువు, స్నేహితుడు హాఫెన్‌రెఫర్‌కు మరల మరల వ్రాసెను. 1619లో ఆ స్నేహితుడు కూడ విద్యాలయపు పెద్దలతో కలిసి, లోబడుము లేదా దూరముగా ఉండుమని తీర్పు వ్రాసెను.

ఈ మనిషి ఏ సంఘముకొరకు గ్రాజ్‌లో ఇల్లు వాకిలి విడిచెనో ఆ సంఘమే అతనిని బల్లయొద్ద ఆపినది. సంతకము చేసి లోపల వేరుగా తలంచువారు ఎందరో పాత్ర అందుకొని యుందురు. అతడు అట్లు చేయలేదు. అట్లని రోమను సంఘములోనికిని పోలేదు. 1628లో చక్రవర్తి దయయు ఉద్యోగమును చూపి పిలిచినప్పుడును నిరాకరించెను.

నేనును బల్లయొద్ద నిలిచి పాత్ర అందించువాడనే. ఎవరిని రానియ్యవలెను, ఎవరిని ఆపవలెను అను భారము ఎట్టిదో ఎరుగుదును. హిట్జ్‌లర్ దుర్మార్గుడు కాడు. తాను ప్రమాణము చేసినదానిని కాపాడుచున్నాననుకొనెను. నేను ఒకప్పుడు ఆపిన మనిషి మరల గుడికి రాలేదు. ఆనాడు నా ప్రక్కన సంఘపు నియమము ఉండెను. కెప్లరు చరిత్రలోని ఈ పుటలు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంకొక సంగతి దీనికంటె భయంకరమైనది. 1615లో లియోన్‌బర్గు పట్టణములో ఒక స్త్రీ, కెప్లరు తల్లి ఇచ్చిన పానీయమువలన తనకు జబ్బు చేసినదని, ఆమె మంత్రగత్తెయని ఫిర్యాదు చేసెను. ఆకులు నూరు ముసలమ్మ, మాట కటువైనది, మగదిక్కు లేనిది; అట్టివారిమీద ఊరి నోరు ఎంత త్వరగా లేచునో పల్లెలలో నున్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చేతబడి చేసినదని ముసలివారిని కొట్టి చంపిన వార్తలు మన తెలుగు ప్రాంతమున నేటికిని విను చున్నాము. అది లూథరన్ సీమ, న్యాయాధిపతియు లూథరనే. 1620 ఆగస్టులో, డెబ్బది దాటిన ఆమెను రాత్రివేళ పట్టుకొని చెరలో గొలుసులతో బంధించిరి.

కెప్లరు లింజ్‌లోని పని ఆపి, కుటుంబమును వేరొక చోట ఉంచి, తల్లి యొద్దకు ప్రయాణమాయెను. మంత్రగత్తె కుమారుడన్న నింద తనమీద పడునని ఎరిగియు వెళ్లెను. అంగారకుని కొలతలను పరీక్షించినట్లే సాక్షుల మాటలను ఒక్కొక్కటిగా పరీక్షించెను. ఎవరి జబ్బు ఎప్పుడు మొదలాయెను? అంతకుముందు ఏ మందు వాడిరి? కాలు పడిపోయినదన్న ఒక బడిపంతులు గుంట దూకినప్పుడు దెబ్బ తగిలించుకొనెనని చూపెను. న్యాయస్థానమునకు సుదీర్ఘమైన ప్రతివాదము వ్రాసి ఇచ్చెను. 1621 సెప్టెంబరులో ఆ వృద్ధురాలిని హింసించు పనిముట్ల యెదుట నిలువబెట్టి ఒప్పుకొమ్మనిరి. ఆమె ఒప్పుకొనలేదు, మోకాళ్లూని ప్రార్థించెను. పదునాలుగు నెలల చెర తరువాత విడుదల చేసిరి. ఆరు నెలలకే చనిపోయెను. ఆరేండ్లు నిండని కుమారునికి తోకచుక్క చూపిన తల్లి అంత్యదినములు ఇట్లు గడిచెను.

ఈ బాధల నడుమనే, 1618 మే 15న, గ్రహము సూర్యుని చుట్టు తిరుగు కాలమునకును దాని దూరమునకును గల సంబంధము అతనికి దొరికెను. అంతకు మూడు నెలల క్రిందటనే ఒక కుమార్తెను పాతిపెట్టియుండెను. ఎనిమిది దినముల తరువాత ప్రేగులో కలహము లేచి, ముప్పది యేండ్ల యుద్ధము ప్రారంభమాయెను. మరుసటి యేట ఆ సూత్రమును ప్రచురించిన గ్రంథములో కెప్లరు దేవుని స్తుతించుచు ప్రార్థన వ్రాసెను. తన వ్రాతలో దేవునికి తగనిదేదైన ఉన్న యెడల బోధించి దిద్దుమనియు, మనుష్యుల ఘనత కోరియుండిన క్షమించుమనియు వేడుకొనెను.

1626లో రైతులు తిరుగుబాటు చేసి లింజ్‌ను ముట్టడించిరి, అచ్చుకూటము తగులబడెను. కెప్లరు వ్రాతప్రతులను తీసికొని ఉల్మ్ పట్టణమునకు పోయి, టైకో కొలతలనుబట్టి తాను కట్టిన గ్రహపట్టికలను 1627లో అచ్చు వేయించెను. జీతము బకాయి సుమారు 12,000 గుల్డెనులు అతనికి రావలసియుండెను. 1630 శరత్కాలమున దానిని అడుగుటకు గుఱ్ఱమెక్కి రేగెన్స్‌బర్గుకు బయలుదేరెను. చేరిన కొలది దినములకే జ్వరము పట్టి, నవంబరు 15న, ఏబది యెనిమిదవ యేట, పరాయి యింట ప్రాణము విడిచెను. ఊరి గోడల వెలుపలనున్న ప్రొటెస్టెంటుల స్మశానములో పాతిపెట్టిరి. కొలది యేండ్లకే యుద్ధములో ఆ స్మశానము నాశనమాయెను. సమాధి ఎక్కడనో నేడు ఎవరును చూపలేరు.

చనిపోకముందు, 1629లో, అతడొక చిన్న ప్రకటన అచ్చు వేయించియుండెను. 1631 నవంబరు 7న బుధగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా పోవునని, చూడగలవారు చూడవలెనని అందులో వ్రాసెను. అట్టి దృశ్యమును దూరదర్శినితో అంతవరకు ఎవరును చూచియుండలేదు. పారిసు పట్టణములో గాసెండి అను రోమను యాజకుడు ఆ ప్రకటనను నమ్మి, చీకటిగదిలో దూరదర్శినిగుండ సూర్యబింబమును కాగితముమీద పడనిచ్చి రెండు దినములు ముందుగానే కనిపెట్టుకొని యుండెను. వాన, మబ్బులు. మూడవ దినము ఉదయమున మబ్బు విడిపోయెను. కాగితముమీది వెలుగులో చిన్న నల్లని చుక్క కనబడెను. అంత చిన్నది గనుక సూర్యునిలోని మచ్చయే అనుకొనెను. కొంతసేపటికి చూడగా అది కదలుచుండెను.